సైటేషన్లు ఎక్కువున్న గైడ్ దగ్గరే చేరాలా? మాలిక్యులర్ బయాలజిస్టు ప్రొఫైల్‌ని ఎలా చదవాలి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీది చిత్తూరు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయింది, జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. తిరుపతిలో ఇద్దరు గైడ్‌లు తీసుకుంటామన్నారు, ఇద్దరిదీ మాలిక్యులర్ బయాలజీయే. మొదటాయనకు గూగుల్ స్కాలర్‌లో 4,200 సైటేషన్లు, అంటే వేరే వ్యాసాల్లో ఆయన వ్యాసాల్ని అన్నిసార్లు ఉదహరించారని. హెచ్-ఇండెక్స్ 33, దాని అర్థం కింద చెప్తాను. 'ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో ఒకరు' అని పేపర్లో ఫొటో కూడా పడింది. రెండో ఆవిడకు 640 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 12. వేరుశనగ వైరస్‌ల మీద పని. మీకేమో ఆవిడ దగ్గర చేరాలని ఉంది. నాన్నగారు ఆ 4,200 చూసి, "ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అంటున్నారు.

నేను చదివిందీ, రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పిందీ తిరుపతిలోనే, మధ్యలో కొన్నేళ్లు బయట ల్యాబుల్లో పనిచేశాను. సెలక్షన్ కమిటీల్లో కూర్చుని ఇలాంటి అంకెల్ని చాలా చూశాను. ఇద్దరిలో ఎవరు మంచివారో ఆ రెండు అంకెల్ని బట్టి నేను చెప్పలేను, మీ నాన్నగారూ చెప్పలేరు. కానీ ఆ అంకెల వెనక ఉన్న వ్యాసాల జాబితాను గంటసేపు కూర్చుని చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. ఎలా చదవాలో చెప్తాను.

మొదట ఈ లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఎవరు ఎవరిని ఉదహరించారో పట్టిక వేయాలన్న ఆలోచనను యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ముందుకు తెచ్చాడు. 1964 నుంచి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ పుస్తకాలుగా రావడం మొదలైంది. ఒక వ్యాసం తర్వాత ఆ విషయం ఎటు నడిచిందో వెతుక్కోవడానికి అది సాధనం. మనుషుల్ని తూచడం తర్వాత అలవాటైంది. హెచ్-ఇండెక్స్ ఇంకా కొత్తది. 2005లో జోర్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. 33 అంటే, కనీసం 33 సార్లు సైట్ అయిన వ్యాసాలు 33 ఉన్నాయని. అంతే. ఆ 33 వ్యాసాల్లో ఆయన మొదటి పేరా, చివరి పేరా, పన్నెండో పేరా అన్నది అందులో ఉండదు. పైగా అది ఎప్పుడూ తగ్గదు. పదేళ్లుగా ల్యాబులో అడుగుపెట్టని మనిషికి కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది.

హిర్ష్ తన వ్యాసంలోనే ఇంకో మాట స్పష్టంగా రాశాడు. ఒక రంగం అంకెల్ని ఇంకో రంగం అంకెలతో పోల్చకూడదని. అప్పట్లో భౌతిక శాస్త్రంలో అందరికంటే పైనున్న ఎడ్వర్డ్ విటెన్‌కు ఆయన లెక్కలో 110 వస్తే, జీవశాస్త్రంలో పైనున్న సోలమన్ స్నైడర్‌కు 191 వచ్చింది. స్నైడర్ విటెన్ కంటే దాదాపు రెండింతలు గొప్పవాడని దీనర్థం కాదు కదా. జీవశాస్త్రంలో జనం ఎక్కువ, వ్యాసాలు ఎక్కువ, ఒక్కో వ్యాసం కింద ఇచ్చే రిఫరెన్సులూ ఎక్కువ. మాలిక్యులర్ బయాలజీ లోపల కూడా ఇదే తేడా ఉంటుంది. క్యాన్సర్ మీద పనిచేసేవాళ్ల వ్యాసం చదివేవాళ్లు ప్రపంచమంతా ఉంటారు. వేరుశనగ వైరస్ మీద వచ్చే వ్యాసం చదివేవాళ్లందరూ కలిసి ఒక కల్యాణ మండపంలో పట్టేస్తారు. 33, 12 పక్కపక్కన పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక ఏ వ్యాసానికి సైటేషన్లు వస్తాయన్నది. ప్రపంచంలో అత్యధికంగా సైట్ అయిన వ్యాసం ఏదంటే ఏ డీఎన్ఏ నిర్మాణమో అనుకుంటారు. కాదు. 1951లో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు రాసిన వ్యాసం, ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. 2014లో నేచర్ పత్రిక లెక్క తీసినప్పుడు దానికి 3 లక్షల 5 వేలకు పైగా సైటేషన్లున్నాయి. రెండో స్థానంలో 1970 నాటి లెమ్లీ వ్యాసం, అదే మనం రోజూ పోసే ఎస్‌డీఎస్ జెల్. మూడోది 1976 నాటి బ్రాడ్‌ఫర్డ్, అదీ ప్రోటీన్ కొలిచే పద్ధతే. డీఎన్ఏ జంట మెలికను చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్ వ్యాసం మొదటి వందలో కూడా లేదు. పద్ధతిని వాడిన ప్రతిసారీ దాని పేరు రాయాలి. కనుగొన్న విషయం మాత్రం కొన్నాళ్లకు పాఠ్యపుస్తకంలో చేరిపోతుంది, ఆ తర్వాత ఎవరూ మూలాన్ని ఉదహరించరు.

దీనికి మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని మించిన ఉదాహరణ లేదు. మీరు బీఎస్సీలోనో ఎమ్మెస్సీలోనో ఫాస్ఫరస్ అంచనా వేసే ప్రాక్టికల్ చేసే ఉంటారు. ఆమ్ల ద్రావణంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆపైన ఏఎన్ఎస్ఏ అనే రసాయనం పోస్తే పరీక్షనాళికలో నీలం రంగు తేలుతుంది. కలరీమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసి గ్రాఫ్ గీస్తాం. రికార్డులో 'ఫిస్కే–సుబ్బారావు పద్ధతి' అని రాసుకుంటాం. భీమవరంలో పుట్టిన ఆ సుబ్బారావే ఈ సుబ్బారావు అన్న సంగతి మా క్లాసులో సగం మందికి తెలిసేది కాదు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించిన ఆ పద్ధతిని దశాబ్దాల పాటు ప్రపంచమంతా సైట్ చేసింది. అదే పద్ధతితో కండరంలో ఫాస్ఫరస్ వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే ఏడాది ఏటీపీని పట్టుకున్నాడు. ఇప్పుడు ప్రతి బయాలజీ వ్యాసంలోనూ ఏటీపీ ఉంటుంది. 1929 నాటి వ్యాసాన్ని కింద రిఫరెన్సుగా ఇచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొలిచే పద్ధతికి సైటేషన్లు దక్కాయి, జీవరాశి శక్తి నాణేన్ని కనుగొన్నందుకు దక్కలేదు.

ఇంత చేసినా ఆయనకు హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడి బృందం పని నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్ మందుల్లో మొదటి తరానివైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. కంపెనీ పనిలో సగం వ్యాసాలుగా రాదు, వచ్చినా కింది వాళ్ల పేర్లతో వస్తుంది. ఇవాళ ఆయనకో గూగుల్ స్కాలర్ పేజీ తెరిచి హెచ్-ఇండెక్స్ చూస్తే మన కమిటీల్లో ఎవరో ఒకరు పెదవి విరుస్తారని నా అనుమానం.

ఇలాంటి ఆలస్యం ఈ కాలంలోనూ జరిగింది. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్‌ల ఎంఆర్ఎన్ఏ వ్యాసం 2005లో వచ్చింది. ఆ పని ఆధారంగా కోవిడ్ వ్యాక్సిన్లు వచ్చేదాకా దానికి పెద్ద గుర్తింపు లేదు. 2023లో నోబెల్ వచ్చింది. అంతకు చాలా ముందే, 1995లో, కారికోను ఆమె పనిచేసే విశ్వవిద్యాలయం కింది హోదాకు దించేసింది. ఇలాంటి కథలు విని 'తక్కువ సైటేషన్లున్నవాళ్లంతా దాగిన మాణిక్యాలే' అనుకోకండి. తక్కువ ఉన్నవాళ్లలో చాలామందికి తక్కువ ఉండటానికి కారణం పని తక్కువ ఉండటమే. ఆ తేడా పట్టుకోవడానికే ప్రొఫైల్ చదవడం.

రెండో ఆవిడ రంగం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ ఉన్నట్టుండి మాడిపోయింది. ఆకుల మీద మచ్చలు, కాండం కుళ్లినట్టు నల్లబడటం, లేత మొక్కలైతే చచ్చిపోవడం. చూడటానికి అప్పటికే తెలిసిన మొవ్వుకుళ్లు తెగుల్లా ఉంది. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో దెబ్బ, నష్టం 300 కోట్ల రూపాయల పైనే అని అంచనా. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు పరీక్షలు చేస్తే అది మొవ్వుకుళ్లు వైరస్ కాదనీ, టొబాకో స్ట్రీక్ వైరస్ అనీ తేలింది. అది ఎక్కడి నుంచి వస్తోంది? గట్ల మీద పెరిగే వయ్యారిభామ నుంచి. ఆ కలుపు మొక్కలో వైరస్ ఉన్నా పైకి ఏ లక్షణమూ కనిపించదు. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ ఆకు మీద పడుతుంది. పురుగు ఆకును గీరి రసం పీల్చేటప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. ఇది తెలిశాక రైతుకు చెప్పిన సలహా చాలా మామూలుది: పూత రాకముందే వయ్యారిభామను పీకేయండి, చేను చుట్టూ నాలుగు వరసలు జొన్నో సజ్జో వేయండి, ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేయండి.

ఆ సలహా పాటించిన రైతు ఏ పత్రికలోనూ రిఫరెన్సు ఇవ్వడు. వ్యవసాయాధికారి కరపత్రంలో వ్యాసం పేరుండదు. పని పొలానికి చేరుతున్నకొద్దీ సైటేషన్ల లెక్కలో మాయమవుతుంది. మొక్కల వైరస్‌ల మీద తిరుపతిలో పని జరగడానికి కారణాలున్నాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీకి ప్రత్యేకంగా విభాగమే ఉంది. ఊళ్లోనే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. చుట్టూ వేరుశనగ, టమోటా, నిమ్మ, చీనీ. నమూనా కావాలంటే బస్సెక్కి మధ్యాహ్నానికి తెచ్చుకోవచ్చు. ఈ సౌకర్యం బోస్టన్‌లో ఉన్నవాడికి లేదు.

ఇప్పుడు మొదటాయన 4,200 సంగతి. ఆయన్ని నేనెరగను, అనుమానించడమూ లేదు. ఆ అంకె నిజంగా ఆయన కష్టమే కావచ్చు. కానీ జాబితాలో మొదటి పది వ్యాసాలు తెరిచి చూడండి. నాలుగు రకాల వ్యాసాలు అంకెను విపరీతంగా పెంచుతాయి.

ఒకటి, వందలమంది రచయితలున్న పెద్ద కూటమి వ్యాసాలు. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లాంటి వాటిలో పేరుంటే చాలు, ఒక్క వ్యాసానికే వేలల్లో సైటేషన్లు వచ్చి పడతాయి. అలాంటివి రెండుంటే మొత్తం అంకెలో సగం అవే. వాటిని తీసేసి మిగిలింది కూడుకోండి. రెండు, రివ్యూలు, అంటే అప్పటికే వచ్చిన పనిని సమీక్షించే వ్యాసాలు. రివ్యూ రాయడం తక్కువ పనేమీ కాదు. కాకపోతే మీరు నేర్చుకోవాల్సింది బెంచ్ పని. ఒక ల్యాబు నుంచి వరసగా రివ్యూలే వస్తున్నాయంటే అక్కడ డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ మెషిన్ పనిచేస్తోందో లేదో కనుక్కోవాలి. మూడు, పోస్ట్‌డాక్‌లో (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగంలో) ఉన్నప్పుడు పెద్ద ల్యాబులో వచ్చినవి. వాటిలో ఆయన మొదటి రచయిత అయితే మంచి శిక్షణ పొందినట్టే. అది ఆ ల్యాబు డబ్బు, ఆ ల్యాబు పరికరాలు కూడా అని మరిచిపోకూడదు. నాలుగోది స్వంత సైటేషన్లు. కొంతవరకు అందరికీ ఉంటాయి, పాత పనిని కొనసాగించేవాడు పాత పనిని చెప్పక తప్పదు. సగానికి సగం తన వ్యాసాలే తనను సైట్ చేస్తుంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

రచయితల వరసను చూడటం మన సబ్జెక్టులో చాలా ముఖ్యం. గణితంలో చాలాసార్లు అక్షరక్రమంలో రాస్తారు. మనకు మొదటి పేరు బెంచ్ మీద కష్టపడిన విద్యార్థిది, చివరి పేరు ల్యాబు నడిపే మనిషిది, నక్షత్రం గుర్తు ఉత్తరప్రత్యుత్తరాలు చూసేవారిది. మధ్యలో పేరంటే ఏదో ఒక జెల్ నడిపి ఉండొచ్చు, నమూనా ఇచ్చి ఉండొచ్చు, కొన్నిసార్లు ఒకే కారిడార్‌లో కూర్చుని ఉండొచ్చు. కాబట్టి 'చివరి పేరు ఆయనది, మొదటి పేరు ఆయన విద్యార్థిది, చిరునామా తిరుపతిది' ఈ మూడూ కలిసిన వ్యాసాల్ని మాత్రం విడిగా ఏరండి. మీకు దొరకబోయే శిక్షణ ఎలాంటిదో ఈ చిన్న జాబితాయే చెప్తుంది. 33కి, 12కి మధ్య తేడా ఇక్కడికొచ్చేసరికి చాలాసార్లు కరిగిపోతుంది. కరగకపోతే, నాన్నగారి మాటలో బలముంది.

'టాప్ 2 శాతం' గురించి కూడా చెప్పాలి, ఏటా పేపర్లో ఫొటోలు చూసి తల్లిదండ్రులు టెన్షన్ పడుతుంటారు. అది స్టాన్‌ఫర్డ్ ఇచ్చే అవార్డు కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ ఐయోనిడిస్ బృందం స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్ సమాచారంతో 2019 నుంచి విడుదల చేస్తున్న పట్టిక. 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడగొట్టి, ఆరు కొలతలు కలిపి ఒక స్కోరు తీస్తారు. ఒంటరి రచయితగా, మొదటి రచయితగా, చివరి రచయితగా ఉన్న వ్యాసాలకు అందులో విలువ ఉంది కాబట్టి ఉత్త హెచ్-ఇండెక్స్ కంటే మెరుగే. కానీ అందులో రెండు పట్టికలున్నాయి, మొత్తం కెరీర్‌ది ఒకటి, ఒక్క ఏడాదిది ఇంకొకటి. పేపర్లో ఏ పట్టికో రాయరు. ఎక్సెల్ ఫైలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆయన పేరు వెతికి, స్వంత సైటేషన్ల శాతం ఉన్న గడి చూడండి. ఇటీవలి పట్టికల్లో వెనక్కి తీసుకున్న వ్యాసాలకు కూడా గడి ఉంది.

గూగుల్ స్కాలర్‌కూ స్కోపస్‌కూ అంకెలు కలవవు, కంగారుపడకండి. గూగుల్ థీసిస్‌లు, ప్రీప్రింట్‌లు (పత్రికలో రాకముందే బయటపెట్టిన వ్యాసాలు), సమావేశ సంచికలు అన్నీ లెక్కేస్తుంది, అందుకే ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. ఒకరిది ఒకచోట, ఇంకొకరిది ఇంకోచోట చూసి పోల్చకండి.

మన తెలుగు పేర్లతో ఇంకో గొడవ ఉంది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాసుకుంటాం. పత్రికవాళ్లు చివరి మాటను ఇంటిపేరనుకుంటారు. దాంతో రెడ్డి, నాయుడు, రావు, కుమార్, లక్ష్మి అన్న పేర్ల కింద లోకంలోని రెడ్లు, నాయుళ్లందరూ ఒకే కుప్పలో పడతారు. మొక్కల వైరస్‌ల ప్రొఫెసర్ పేజీలో మధ్యలో సిమెంటు కాంక్రీటు బలం మీద వ్యాసం కనిపించిందంటే, గూగుల్ ఇంకెవరిదో తెచ్చి అంటించిందన్నమాట. కొందరు చూసి తీసేస్తారు, కొందరు చూడనట్టు ఊరుకుంటారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకు దీనికి తలకిందుల నష్టం, సగం వ్యాసాలు పాత పేరు కింద అనాథల్లా మిగిలిపోతాయి. ఆ 640 నిజంగా 640యేనా అన్నది ఆవిడ పుట్టింటి ఇంటిపేరుతో కూడా వెతికితే గాని తెలియదు. విశ్వవిద్యాలయం పేరుకూ ఇదే తిప్పలు. ఎస్.వి. యూనివర్సిటీ అని కొందరు, పూర్తిగా కొందరు, ఊరిపేరు స్పెల్లింగు రెండు మూడు రకాలు. ఢిల్లీలో వేంకటేశ్వర కాలేజీ ఉంది, ఉత్తరప్రదేశ్‌లో ఇదే పేరుతో ఇంకో విశ్వవిద్యాలయం ఉంది. డేటాబేస్‌కు ఏడుకొండలవాడు ఎక్కడివాడో ఏం తెలుస్తుంది?

ఇక ఏడాదివారీ గ్రాఫు. మాలిక్యులర్ బయాలజీలో కెరీర్ ఒక తీరులో నడుస్తుంది. పీహెచ్‌డీలో ఐదారేళ్లు, రెండు మూడు వ్యాసాలు. పోస్ట్‌డాక్‌లో ఒకటో రెండో బరువైనవి. రామలింగస్వామి లాంటి ఫెలోషిప్‌తోనో, నేరుగా పోస్టులోనో ఇండియాకు తిరిగొచ్చాక రెండు మూడేళ్లు దాదాపు శూన్యం. గది రావాలి, గ్రాంటు శాంక్షనవ్వాలి, టెండరు పిలవాలి, మైనస్ 80 ఫ్రీజర్ రావాలి, అది వచ్చాక స్టెబిలైజర్ రావాలి. ఎంజైములు డ్రై ఐస్‌లో బయల్దేరి ఏప్రిల్ ఎండలో తిరుపతి చేరేసరికి డబ్బాలో ఐస్ మిగిలిందా లేదా అని తెరిచి చూసే క్షణం ఉంటుంది చూడండి, అది మా అందరికీ తెలుసు. ఐస్ మిగలకపోతే ఆ నెల ప్రయోగాలు అటకెక్కినట్టే. ఆ గుంత తర్వాత గ్రాఫు మళ్లీ లేచిందా లేదా అన్నదే చూడాల్సింది. తిరుపతి చిరునామాతో, తన విద్యార్థులతో, చిన్న పత్రికల్లోనైనా సరే నిలకడగా వ్యాసాలు వస్తున్న ల్యాబు బతికున్న ల్యాబు. ఆడవాళ్ల గ్రాఫులో ఇంకో గుంత ఉండొచ్చు, పిల్లలు పుట్టిన ఏళ్లది. దాన్ని పనిచేయకపోవడంగా చదవకండి.

మా రోజుల్లో లేని ఇంకో పరీక్ష మీకుంది. ఎన్‌సీబీఐ సైటులో న్యూక్లియోటైడ్ విభాగానికి వెళ్లి, గైడ్ పేరు, వైరస్ పేరు కొట్టండి. జెన్‌బ్యాంక్ అంటే అందరికీ తెరిచి ఉన్న జన్యు సీక్వెన్సుల భాండాగారం. ఆ ల్యాబు అందులో జమ చేసిన సీక్వెన్సులు వరసగా వస్తాయి. ఏ పంట నుంచి, ఏ ఊరు నుంచి, ఏ ఏడాది సేకరించారో చాలావాటిలో రాసి ఉంటుంది. జమచేసిన విద్యార్థుల పేర్లుంటాయి. నిరుడు కూడా కొత్తవి చేరాయంటే పొలానికి వెళ్లి నమూనాలు తెచ్చి, ఆర్ఎన్ఏ తీసి, సీక్వెన్స్ చేయించే పని ఆ ల్యాబులో ఇంకా నడుస్తోందన్నమాట. సైటేషన్ల గ్రాఫు ఎంత పైకి పోయినా ఈ సంగతి చెప్పదు.

ఆ తర్వాత ఎవరు సైట్ చేశారో నొక్కి చూడండి. అన్నీ అక్కర్లేదు, ముఖ్యమైన వ్యాసం ఒకదాన్ని తీసుకుని, దాన్ని సైట్ చేసినవాటిలో నాలుగైదు తెరవండి. ముందుమాటలో పన్నెండు రిఫరెన్సుల గుంపులో ఒకటిగా పడేశారా, లేక 'వీళ్ల ప్రైమర్లు (పీసీఆర్‌కు వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) వాడాం', 'వీళ్ల ఫలితంతో మాది సరిపోయింది' అని రాశారా? రెండో రకం పది చాలు, మొదటి రకం వందకు సమానం. వ్యాసం పూర్తిగా తెరుచుకోకపోతే ప్రభుత్వ విశ్వవిద్యాలయం లైబ్రరీకి వెళ్లి అడగండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద సుమారు 13 వేల పత్రికలు ప్రభుత్వ సంస్థల్లో చదువుకునే వీలుంది.

అచ్చయిన వ్యాసాల్లో లోపాల్ని ఎత్తిచూపే వెబ్‌సైటు పబ్‌పీర్‌లో ఇద్దరి పేర్లూ వెతకడం మరిచిపోకండి. ఇది నింద కాదు, ఇల్లు కొనేముందు ఈసీ తీయించుకోవడం లాంటిది. ఎలిసబెత్ బిక్, ఆమె సహచరులు 2016లో 20 వేలకు పైగా బయాలజీ వ్యాసాల బొమ్మలు పరిశీలిస్తే సుమారు 4 శాతంలో ఒకే బ్యాండును రెండుచోట్ల వాడటం వంటి సమస్యలు కనిపించాయి. కొన్ని పొరపాట్లు, కొన్ని కావు. ఎవరో ఒకటి ఎత్తిచూపితే సంజాయిషీ ఇచ్చి సరిదిద్దిన గైడ్ దగ్గర నిశ్చింతగా చేరొచ్చు. ఒకే ల్యాబు మీద పది ఫిర్యాదులుండి ఒక్కదానికీ జవాబు లేకపోతే సైటేషన్లు 40 వేలున్నా అటు వెళ్లకండి, ఎందుకంటే రేపు ఆ వ్యాసం మీద మొదటి పేరు మీదే.

డబ్బు కట్టి అచ్చేయించుకునే పత్రికల మాట. పీహెచ్‌డీ సమర్పించడానికి వ్యాసం తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. నమ్మదగిన పత్రికల పేర్లతో 2019లో తెచ్చిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో రద్దు చేసింది. అంటే ఏది మంచి పత్రికో చెప్పే బాధ్యత ఇప్పుడు సంస్థ మీద, గైడ్ మీద ఉంది. గత మూడేళ్లలో ఆ ల్యాబు ఎక్కడెక్కడ ప్రచురించిందో చూసి, ఆ పత్రికల పేర్లు మీకు పాఠాలు చెప్పిన ఇద్దరు ముగ్గురికి చూపించండి. వాళ్ల మొహం చూస్తే తెలిసిపోతుంది.

గైడ్ దగ్గర ఎంతమంది ఉన్నారో అడగడానికి మొహమాటపడకండి. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందిని తీసుకోవచ్చు. సర్వీసు మూడేళ్ల కంటే తక్కువ మిగిలి ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు. 33 హెచ్-ఇండెక్స్ వచ్చే వయసుకు రిటైర్మెంటు కూడా దగ్గరపడుతుంది, పుట్టినతేదీ లెక్క చూసుకోండి. పేరున్న గైడ్‌కి కమిటీలు, వైవాలు, ఢిల్లీ ప్రయాణాలు ఎక్కువ. తలా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టించి, మధ్యలో వదిలేసి, ఇంకొకరిని కూర్చోబెట్టుకునే తిరుపతి క్షవరం మన ల్యాబుల్లో కూడా ఉంది. ఐదో ఏట థీసిస్ సగంలో ఆగి, ఫెలోషిప్ అయిపోయి, ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైం పాఠాలు చెప్పుకుంటూ తిరిగే స్కాలర్లను నేను చూశాను. వాళ్లలో కొందరి గైడ్‌ల ఫొటోలు కూడా పేపర్లో పడ్డవే.

కాబట్టి పాత విద్యార్థులతో మాట్లాడండి. పేర్లు వ్యాసాల్లోనే ఉన్నాయి. ఇద్దరి ల్యాబుల నుంచీ బయటికొచ్చిన ఇద్దరేసి చొప్పున చాలు. "సార్ ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచివారు" అంటారు, అది పనికిరాదు. "మీ మొదటి డ్రాఫ్టు ఇచ్చాక ఎన్నాళ్లకు తిరిగొచ్చింది? ప్రైమర్లకు డబ్బు ఎవరు పెట్టారు? ఎన్నేళ్లకు సబ్మిట్ చేశారు? ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడగండి. ఆరేళ్లు దాటిందంటే కారణం కూడా అడగండి. ల్యాబులో లేని పరికరం ఏర్పేడు ఐఐఎస్ఈఆర్‌లోనో, స్విమ్స్‌లోనో వాడుకోవడానికి పంపేవారా అని కూడా కనుక్కోండి. ఒక్కో గైడ్‌కి నలుగురితో మంచి మాటలుంటే చాలు పక్క సంస్థ గేటు తెరుచుకుంటుంది, అది ఏ ఇండెక్సులోనూ రాదు.

నాన్నగారి వైపు న్యాయం కూడా ఒకటుంది. రేపు మీరు పోస్ట్‌డాక్‌కి బయటికి రాస్తే, ఉత్తరం ఇచ్చే మనిషి పేరు అవతలివాళ్లకు తెలిసి ఉండటం ఉపయోగమే. పెద్ద అంకె వెనక నిజంగా పెద్ద ల్యాబుంటే, నిధులుంటే, మీ ఫెలోషిప్ నెల నెలా 37,000 వచ్చినా రాకపోయినా కెమికల్స్‌కు లోటుండదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూల్లో మన దగ్గర ఇప్పటికీ వ్యాసాలు లెక్కపెట్టి మార్కులేస్తారు. వేగంగా ప్రచురించే ల్యాబు నుంచి వచ్చినవాళ్లకు ఆ దశలో లాభమే. ఇవన్నీ అబద్ధమని నేను అనను.

నేనైతే ఇలా చేస్తాను. ఇద్దరి పేజీల నుంచీ చివరి ఆరేళ్లలో తిరుపతి చిరునామాతో, విద్యార్థి మొదటి పేరుతో వచ్చిన వ్యాసాలు ఒక కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెడతాను. మొదటాయనవి పది, రెండో ఆవిడవి మూడు అయితే నాన్నగారి మాట వినండి. రెండూ దగ్గరదగ్గరగా ఉండి, ఆవిడ విద్యార్థులు ఐదేళ్లలో బయటపడుతుంటే, జెన్‌బ్యాంక్‌లో కొత్త సీక్వెన్సులుంటే, ఆవిడ దగ్గరే చేరండి. ఆవిడ విషయం మీకు నచ్చిందని మీరే రాశారు. నచ్చని విషయం మీద ఐదేళ్లు జెల్‌లు పోయడం ఎంత కష్టమో నాన్నగారికి చెప్పినా అర్థం కాదు, అందుకే కాగితం చూపించమంటున్నాను.

ఎవరి దగ్గర చేరినా మొదటి వ్యాసం పంపకముందే ఆర్కిడ్ నంబరు (పేరుతో పొరపాటు రాకుండా పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి, రెండు నిమిషాల పని, డబ్బు కట్టక్కర్లేదు. పేరు ఏ స్పెల్లింగుతో, ఇంటిపేరు ఎటువైపు రాసుకుంటారో అప్పుడే తేల్చుకుని, పెళ్లయినా ఉద్యోగం మారినా అదే వాడండి. జేఆర్ఎఫ్ అవార్డు లెటర్ మీద చెల్లుబాటు గడువు ఉంటుంది, అది ఎప్పటిదాకా ఉందో మీరు రాయలేదు. పాత విద్యార్థులతో మాట్లాడటం ఆ తేదీకి బాగా ముందే ముగించండి.